ఒకసారికి ఒక్క అంకె

ర్యామ్ డబ్బా మీద 3200 అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఇంటికి తెచ్చి బిగించి చూస్తే సిస్టమ్ 2133 దగ్గరో, 2400 దగ్గరో, 2666 దగ్గరో నడుస్తూ ఉంటుంది. ఈ తేడా సంగతి ఏళ్లు గడిచినా చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లలో కొందరు ఆవేశంగా బయోస్‌లోకి వెళ్లి, ఏదో వీడియోలో చూసిన అంకెలన్నీ ఒకేసారి ఎక్కించి, సేవ్ కొట్టి, వెలగని తెర ముందు తల పట్టుకుని కూర్చుంటారు. ఈ అధ్యాయం ఈ ఇద్దరి కోసమూ రాస్తున్నాను.

ర్యామ్‌ను చేత్తో ట్యూన్ చేయబోయేవాళ్లకి మొదట కలిగే భయం చిప్పు కాలిపోతుందని. హద్దులో ఉన్నంతకాలం చిప్పు అంత తేలిగ్గా కాలదు. ముందు పాడయ్యేది మీ డేటా. మెమరీలో ఒక్క బిట్టు, 0 ఉండాల్సిన చోట 1 పడిందనుకోండి. తెర మీద ఏమీ కనిపించదు, శబ్దమూ రాదు. ఆ తప్పు బిట్టుతోనే ఫోటో సేవ్ అవుతుంది, జిప్ ఫైలు తయారవుతుంది, విండోస్ తన అప్‌డేట్‌ను డిస్కు మీద రాసుకుంటుంది. కొన్ని నెలల తర్వాత అక్క పెళ్లి ఫోటో సగం వరకే తెరుచుకుంటుంది. అప్పటికి మీరు ర్యామ్ సంగతే మర్చిపోయి హార్డ్ డిస్కును తిట్టుకుంటూ ఉంటారు. అందుకే, వేగం పెంచడం ఈ పనిలో చిన్న భాగం. పెంచిన ప్రతి మెట్టు దగ్గరా ఆగి, ఇది నిలబడుతుందా అని తేల్చుకోవడమే అసలు పని. అలా తేల్చుకోగలగాలంటే ఒకసారికి ఒక్క అంకే మార్చాలి. కింద నేను చెప్పే ప్రతి జాగ్రత్తా ఈ నియమం నుంచి పుట్టిందే.

ముందు, మీకు ఇది అవసరమా అన్నది చూసుకోండి. సిస్టమ్‌లో ఒకే ర్యామ్ స్టిక్ ఉంటే ఈ అధ్యాయం ఇక్కడే మూసేసి, అలాంటిదే రెండోది కొనండి. ఒక చానల్ నుంచి రెండు చానళ్లకు మారితే వచ్చే లాభం ఏ టైమింగ్ సర్దుబాటుతోనూ రాదు. రెండు స్టిక్కులు ఉంటే అవి సరైన స్లాట్లలో ఉన్నాయో లేదో చూడండి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. మదర్‌బోర్డు పుస్తకంలో బొమ్మ ఉంటుంది, దాన్నే నమ్మండి. ఆ తర్వాత బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అని ఉన్నదాన్ని ఆన్ చేయండి. కొత్త ఏఎండీ బోర్డుల్లో దాని పేరు ఎక్స్‌పో. డబ్బా మీది వేగం, దానికి తయారీదారు పరీక్షించిన టైమింగ్స్, ఓల్టేజీ అన్నీ ఆ ఒక్క నొక్కుతో అమలవుతాయి. చాలామందికి ఇక్కడితో పని అయిపోతుంది, అయిపోవాలి కూడా.

ఆ పైన మిగిలే లాభం ఎవరికి? విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే ఆటలు ఆడేవాళ్లకు ఎక్కువ, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్ వాడుకునేది ఈ ర్యామ్‌నే. మంచి కార్డు ఉండి, ఆట మధ్యలో వచ్చే చిన్న చిన్న కుదుపులు తగ్గించుకోవాలనుకునేవాళ్లకు కొంత. పెద్ద క్యాష్ ఉన్న ఎక్స్3డి ప్రాసెసర్లవాళ్లకు తక్కువ. ఎక్సెల్, బ్రౌజర్, సినిమాలవాళ్లకు ఏమీ ఉండదు. ఇక దుకాణం లెక్కలు రాసే ట్యాలీ మెషీన్, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో మెషీన్, ఇంకొకరి పని మీద ఆధారపడే ఏ మెషీన్ అయినా సరే, దాని జోలికి మాత్రం వెళ్లకండి. అది మీ ప్రయోగశాల కాదు. లాప్‌టాప్‌ల సంగతీ అంతే. చాలావాటిలో ఆ మెనూలే ఉండవు.

ఇవన్నీ దాటి, "అయినా నేర్చుకోవాలని ఉంది" అనేవాళ్లంటే నాకు ఇష్టం. మెషీన్ లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్న కోరికకు వేరే సాకు అక్కర్లేదు. రండి, లోపలికి వెళదాం.

మీ ర్యామ్‌లోని ప్రతి బిట్టుకూ ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ ఉంటాయి. ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్‌కు ఈ ఏర్పాటు మీద 1968లో పేటెంట్ వచ్చింది. ఇన్నేళ్లయినా మూల సూత్రం మారలేదు. కెపాసిటర్‌లో విద్యుదావేశం ఉంటే 1, లేకపోతే 0. చిక్కేమిటంటే ఆ కెపాసిటర్ చిల్లుకుండ లాంటిది. నింపినది నింపినట్టే కారిపోతూ ఉంటుంది. అందుకే డీడీఆర్4లో ప్రతి గడినీ 64 మిల్లీ సెకండ్లలోపు ఒకసారి మళ్లీ నింపాలని ప్రమాణం. ఆ 64 మిల్లీ సెకండ్లలో 8192 సార్లు నింపే ఆజ్ఞ వెళుతుంది, అంటే సుమారు 7.8 మైక్రో సెకండ్లకు ఒకటి. ఈ విరామం పేరు టీఆర్ఈఎఫ్ఐ. ఒక్కో ఆజ్ఞ పూర్తయ్యేదాకా ఇచ్చే గడువు పేరు టీఆర్‌ఎఫ్‌సీ. ఆ గడువులో ఆ చిప్పులు ఇంకే పనీ చేయలేవు. చిప్పు వేడెక్కేకొద్దీ కారడం ఎక్కువవుతుంది. 85 డిగ్రీలు దాటితే రెట్టింపు తరచుగా నింపాలని ప్రమాణమే చెబుతోంది. వేడి గురించిన ఈ మాట గుర్తుంచుకోండి. మన ఎండల్లో దీని ప్రభావం ఎంతో ముందు ముందు చూస్తారు.

స్టిక్ మీద 16-18-18-38 అని రాసి ఉండే నాలుగు అంకెలు చదివే తంతుకు సంబంధించినవి. మెమరీ గడులు వరసలుగా ఉంటాయి. కావలసిన వరసను తెరవడానికి పట్టే వ్యవధి టీఆర్‌సీడీ. తెరిచిన వరసలోంచి కావలసిన గడి సమాచారం బయటికి రావడానికి పట్టేది సీఎల్, అదే టీసీఎల్. వరసను మూసి ఇంకో వరసకు సిద్ధం కావడానికి పట్టేది టీఆర్‌పీ. తెరిచిన వరస కనీసం ఎంతసేపు తెరిచి ఉండాలో చెప్పేది టీఆర్ఏఎస్. డబ్బా మీద వీటి వరస సీఎల్, టీఆర్‌సీడీ, టీఆర్‌పీ, టీఆర్ఏఎస్.

ఈ అంకెలు సెకండ్లు కావు, క్లాక్ సైకిళ్లు. చాలామంది తడబడేది ఇక్కడే. 3200 ర్యామ్ అసలు క్లాక్ 1600 మెగాహెర్ట్జ్. ఒక్కో సైకిల్‌లో రెండుసార్లు సమాచారం పంపుతుంది కాబట్టి 3200 అంటారు. సీపీయూ-జీ ప్రోగ్రాం తెరిచినప్పుడు 1600 కనిపిస్తే మోసపోయామని కంగారు పడకండి. ఇప్పుడు లెక్క కట్టండి. సీఎల్‌ను 2000తో గుణించి వేగంతో భాగిస్తే నానో సెకండ్లు వస్తాయి. 3200 మీద సీఎల్ 16 అంటే 10 నానో సెకండ్లు. 3600 మీద సీఎల్ 18 కూడా 10 నానో సెకండ్లే. డీడీఆర్5లో 6000 మీద సీఎల్ 30? అదీ పదే. సీఎల్ 30 అనగానే 16 కంటే అధ్వాన్నం అనుకుని పాత ర్యామే మేలనుకునేవాళ్లను చూశాను. ఈ ఒక్క లెక్క వస్తే ఆ భ్రమ పోతుంది.

ఈ లెక్క రెండో వైపు నుంచి కూడా పనికొస్తుంది. వేగం పెంచి అంకెలు అలాగే ఉంచితే మీరు టైమింగ్స్ కదపలేదని అనుకుంటారు. నిజానికి బిగించారు. 3200 మీద టీఆర్‌సీడీ 18 అంటే 11.25 నానో సెకండ్లు. అదే 18ని 3600 మీద ఉంచితే చిప్పును 10 నానో సెకండ్లలో వరస తెరవమని అడుగుతున్నారు. అది తెరవలేకపోతే తప్పు దానిది కాదు. 11.25కు సరిపోయే అంకె 3600 మీద 20.25, అంటే 21. కాబట్టి ఏ అంకె మార్చేముందైనా కాగితం మీద నానో సెకండ్లలోకి మార్చి చూడటం అలవాటు చేసుకోండి. చిప్పుకు తెలిసింది ఆ భాషే.

ఇక ఓల్టేజీ. డీడీఆర్4కు ప్రామాణిక ఓల్టేజీ 1.2. ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే ఎక్కువ కిట్లు 1.35కు వెళతాయి. మెమరీ ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ పత్రంలో చిప్పుకు గరిష్ఠ పరిమితిగా రాసి ఉన్నది 1.5. అంతకు మించితే శాశ్వతంగా దెబ్బ తినవచ్చని దాని అర్థం. రోజూ అక్కడ నడపమని కాదు. డీడీఆర్5కు ప్రామాణిక ఓల్టేజీ 1.1, గరిష్ఠ పరిమితి 1.4. అయినా 1.4తో అమ్మే కిట్లు ఉన్నాయి, 1.45తో అమ్మే డీడీఆర్4 కిట్లూ ఉన్నాయి. వాటి చిప్పులను ఏరి, ఆ ఓల్టేజీకి పరీక్షించి అమ్ముతారు. మీ 1.35 కిట్టుకు ఆ మాట వర్తించదు. రోజువారీ వాడకానికి డీడీఆర్4లో నేను గీసుకున్న గీత 1.40. స్టిక్కుల మీదికి నేరుగా గాలి తగిలే ఫ్యాన్ ఉంటే 1.45. ఇది నా నిర్ణయం, ప్రమాణం కాదు. ఇంతకంటే ఎక్కువతో ఏళ్లు నడిపేవాళ్లు ఉన్నారు. కానీ ఆ చివరి కొసరు వేగం కోసం మీ ర్యామ్ ఆయుష్షునూ, నిద్రనూ పణంగా పెట్టమని మీకు చెప్పలేను.

ఓల్టేజీ విషయంలో అందరికీ చెప్పి చెప్పి అలిసిపోని మాట ఒకటి ఉంది. అది అన్ని జబ్బులకూ మందు కాదు. దాదాపు అన్ని చిప్పుల్లోనూ సీఎల్ ఓల్టేజీ మాట వింటుంది. కాస్త పెంచితే సీఎల్ ఒకటో రెండో తగ్గుతుంది. టీఆర్‌సీడీ, టీఆర్‌పీ మాత్రం చాలా చిప్పుల్లో వినవు. శామ్‌సంగ్ బీ-డై అనే పేరున్న చిప్పు దీనికి మినహాయింపు, అందుకే ట్యూనింగ్ చేసేవాళ్లు దాన్ని అంతగా వెతికేవారు. మైక్రాన్, హైనిక్స్ చిప్పుల్లో టీఆర్‌సీడీ ఒక చోట ఆగిందంటే ఎంత ఓల్టేజీ పోసినా కదలదు. కొన్ని చిప్పులైతే ఓల్టేజీ పెంచేకొద్దీ ఇంకా తప్పులు చేస్తాయి. కాబట్టి ఎర్రర్ రాగానే చెయ్యి ఓల్టేజీ మీదకు వెళ్లకూడదు. ఆఖరున మార్చిన అంకెను వెనక్కి తీయాలి. అంతే.

అంకె టైపు చేసేటప్పుడు రెండుసార్లు చదవండి. 1.35 బదులు 1.53 కొట్టడానికి అర సెకండు చాలు. ఓల్టేజీ హద్దు దాటుతోందంటే కొన్ని బోర్డులు ఆ అంకె రంగు మార్చి చూపిస్తాయి. ఎరుపు కనబడితే సేవ్ చేయకుండా బయటికి రండి. ఇంకొకటి. ఎక్స్‌ఎంపీ ఆన్ చేసినప్పుడు కొన్ని బోర్డులు ర్యామ్ ఓల్టేజీతో పాటు ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌కు వెళ్లే ఓల్టేజీని కూడా వాటంతట అవే పెంచేస్తాయి. ఇంటెల్ బోర్డుల్లో వాటి పేర్లు వీసీసీఎస్ఏ, వీసీసీఐఓ, ఏఎండీలో ఎస్ఓసీ. ర్యామ్ పోతే ర్యామే పోతుంది, ఇవి ఎక్కువైతే ప్రాసెసర్‌కే ముప్పు. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డి ప్రాసెసర్లు కొన్ని కాలిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత ఏఎండీ, బయోస్ అప్‌డేట్ల ద్వారా ఎస్ఓసీ ఓల్టేజీని 1.3 దాటకుండా కట్టడి చేసింది. మీ దగ్గర ఆ తరం ప్రాసెసర్ ఉంటే బయోస్ కొత్తదో కాదో చూసుకున్నాకే మిగతా పని. రైజెన్ 5000 అయితే 3600 వేగానికి ఎస్ఓసీ 1.1 దగ్గర సాధారణంగా సరిపోతుంది. ఆటోలో వదిలేయకుండా మీరే పెట్టండి. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో అసలు ఎంత వెళుతోందో చూడవచ్చు. బయోస్‌లో రాసిన అంకెకూ అక్కడ కనిపించేదానికీ కాస్త తేడా ఉంటుంది, అది మామూలే.

వారంటీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. స్పెసిఫికేషన్ దాటి నడిపితే వారంటీ వర్తించదని ప్రాసెసర్ కంపెనీల షరతుల్లో ఉంటుంది. ఏఎండీ అయితే ఎక్స్‌పో వాడినా అంతే అని రాసింది. ఆ షరతులు ఓపిగ్గా చదివి, ఒప్పుకుంటేనే ముందుకు వెళ్లండి.

మొదలుపెట్టే ముందు సర్దుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పోకూడని ఫైళ్లన్నిటికీ బయటి డిస్కులో కాపీ ఉండాలి. ఆ డిస్కు కేబుల్ తీసి పక్కన పెట్టండి, ట్యూనింగ్ అయ్యేదాకా తగిలించొద్దు. ఒక పెన్ డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 ఎక్కించి ఉంచుకోండి. ఇది విండోస్ లోడ్ కాకుండానే నేరుగా బూట్ అయి మెమరీని పరీక్షిస్తుంది. దీని విలువ అక్కడే ఉంది. అనుమానమున్న సెట్టింగ్స్‌తో విండోస్ తెరిస్తే ఆ క్షణం నుంచే తప్పు బిట్లు డిస్కు మీదకు చేరే ప్రమాదం ఉంటుంది. అందుకని కొత్త అంకె పెట్టిన ప్రతిసారీ మొదటి బూట్ పెన్ డ్రైవ్ మీదకే. బయోస్‌ను డిఫాల్ట్‌కు తెచ్చే సీమాస్ క్లియర్ పిన్నులు బోర్డు మీద ఎక్కడున్నాయో పుస్తకంలో చూసి, వాటిని టార్చ్ వేసి కళ్లారా చూసి పెట్టుకోండి. అవి దొరక్కపోతే పవర్ కేబుల్ తీసేసి, గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని కొన్ని నిమిషాలు బయటికి తీసినా బయోస్ డిఫాల్ట్‌కు వస్తుంది. దారి తప్పితే ఇంటికి ఎలా రావాలో ముందే తెలిసినవాడికి చెయ్యి వణకదు.

కరెంటు పోయే వేళల్లో ఈ పని పెట్టుకోవద్దు, యూపీఎస్ ఉంటే సరే. ఆఖరుగా ఒక నోటు పుస్తకం. ఫోన్‌లో ఫోటోలు తీసుకోవచ్చు, కానీ పుస్తకం వేరు. తేదీ, మార్చిన అంకె, పాత విలువ, కొత్త విలువ, ఏ పరీక్ష, ఎంతసేపు, ఫలితం, గది ఎంత వేడిగా ఉంది. ఒక్కో మార్పుకు ఒక్క వరస.

ఇప్పుడు ఒక ఉదాహరణ నడిపి చూపిస్తాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 బోర్డు, రెండు 8 జీబీ స్టిక్కులు, 3200 వేగం, 16-18-18-38, 1.35 ఓల్టులు. మన దగ్గర ఇలాంటి సిస్టమ్‌లు ఎన్నో ఇళ్లలో ఉన్నాయి.

మొదట ఎక్స్‌ఎంపీ మాత్రమే ఆన్ చేసి పూర్తి పరీక్ష. ఇది అనవసరం అనిపిస్తుంది, కానీ పునాది నిలబడిందో లేదో తెలియకుండా పైన ఏం పెట్టినా ఎర్రర్ ఎక్కడిదో తెలియదు. ఇది నిలబడ్డాక వేగం 3600కు, దానికి జతగా ప్రాసెసర్ లోపలి ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ క్లాక్ 1800కు. ఈ రెండూ ఒకటికి ఒకటి నడవడమే ఈ తరం రైజెన్‌కు మేలు, అందుకే 3600 దగ్గర ఆగుతున్నాం. ఈ దశలో టైమింగ్స్ వదులుగా 18-22-22-43, టీఆర్‌ఎఫ్‌సీ 630 పెడతాం. 8 గిగాబిట్ చిప్పుకు ప్రమాణం చెప్పే 350 నానో సెకండ్లకు 3600 మీద వచ్చే అంకె అదే. ఇన్ని అంకెలు ఒకేసారి మారుస్తున్నారేమని మీరు అడగవచ్చు. వేగం మారితే మిగతావన్నీ ఎలాగూ మారినట్టే, అందుకే అన్నిటినీ సురక్షితమైన వైపు వదిలేస్తున్నాం. నియమం బిగించడానికి వర్తిస్తుంది, వదలడానికి కాదు.

ఇది నిలబడ్డాకే బిగింపు. సీఎల్ 18 నుంచి 16. మధ్యలో 17 పెట్టినా బయోస్‌లో గేర్‌డౌన్ మోడ్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే అది 18గానే నడుస్తుంది కాబట్టి దాన్ని దాటేస్తాం. ఎర్రర్ వస్తే 1.35 నుంచి 1.37, అప్పటికీ వస్తే 1.39. ఓల్టేజీ పని చేసే చోటు ఇది. సీఎల్ కుదిరాక టీఆర్‌సీడీ 22 నుంచి 21, ఆ తర్వాత 20. రైజెన్ బోర్డుల్లో చదవడానికీ రాయడానికీ ఇది రెండుగా విడిపోయి కనిపిస్తుంది, చదివేదే ముఖ్యం. 20 దగ్గర ఎర్రర్ వచ్చిందనుకుందాం. మారు మాట లేకుండా 21కి వెనక్కి. తర్వాత టీఆర్‌పీ, 22 నుంచి ఒక్కొక్కటిగా 20కి. టీఆర్ఏఎస్‌ను సీఎల్, టీఆర్‌సీడీల మొత్తానికి ఒకటి కలిపి 38. టీఆర్‌సీ అనే ఇంకో అంకె ఉంటుంది, అది టీఆర్ఏఎస్, టీఆర్‌పీల మొత్తం, ఇక్కడ 58. చివర టీఆర్‌ఎఫ్‌సీ, 630 నుంచి 576కు, అంటే 320 నానో సెకండ్లకు, ఆ తర్వాత 540కి, అంటే 300కు. ఇంకా కిందికి ఎన్నో చిన్న టైమింగ్స్ ఉంటాయి. మొదటిసారి చేసేవాళ్లు వాటిని ఆటోలో వదిలేయడమే మంచిది.

కొత్త అంకెతో బూట్ అయ్యేటప్పుడు తెర కాసేపు నల్లగా ఉండవచ్చు. బోర్డు ర్యామ్‌ను కొత్త సెట్టింగ్స్‌కు మచ్చిక చేసుకుంటూ ఉంటుంది. దీన్ని ట్రైనింగ్ అంటారు. డీడీఆర్5లో నిమిషాలు కూడా పడుతుంది. ఆ సమయంలో కంగారుపడి స్విచ్ కట్టేయకండి. కుదరకపోతే చాలా బోర్డులు రెండు మూడుసార్లు తమకు తామే ప్రయత్నించి డిఫాల్ట్‌కు వచ్చేస్తాయి.

ప్రతి మెట్టు దగ్గరా మెమ్‌టెస్ట్86 కనీసం ఒక పాస్. అది శుభ్రంగా వస్తేనే విండోస్‌లోకి వెళ్లి టెస్ట్‌మెమ్5 నడపండి. దానికి అంటా777 అనే పేరుతో తిరిగే కాన్ఫిగరేషన్ ఫైలు చాలా కఠినమైనది, మెమ్‌టెస్ట్86కు దొరకని తప్పులు దానికి దొరుకుతాయి. అన్ని మెట్లూ ఎక్కాక అదే పరీక్ష రాత్రంతా. మర్నాడు ప్రైమ్95 లార్జ్ ఎఫ్‌ఎఫ్‌టీ, ఇది ప్రాసెసర్‌నూ మెమరీనీ కలిపి వేడెక్కిస్తుంది. అంగీకరించదగిన ఎర్రర్ల సంఖ్య సున్నా. ఎనిమిది గంటల్లో ఒక్కటే కదా అని సరిపెట్టుకునేవాళ్లు ఉంటారు. ఆ ఒక్కటి ఏ ఫైలులో పడుతుందో చెప్పగలిగితే సరిపెట్టుకోవచ్చు.

విజయవాడలో మా మేనకోడలు ఇంజనీరింగ్ చదువుతూ ఇలాంటి సిస్టమే తనంతట తాను ట్యూన్ చేసుకుంది. పద్ధతిగా చేసింది, పుస్తకం కూడా రాసింది. టీఆర్‌ఎఫ్‌సీని 480 దాకా, అంటే సుమారు 267 నానో సెకండ్ల దాకా దించింది. చలికాలంలో రాత్రంతా నడిపినా ఒక్క ఎర్రర్ లేదు. మే నెలలో ఫోన్ చేసింది. "మామయ్యా, గేమ్ మధ్యలో మూసుకుపోతోంది, రాత్రి పూట మాత్రం బాగానే ఉంటోంది, గ్రాఫిక్స్ కార్డు పోయిందేమో." వెళ్లేసరికి మధ్యాహ్నం రెండు. కూలర్ తిరుగుతున్నా గది సెగలు కక్కుతోంది. క్యాబినెట్ గోడకు ఆనించి ఉంది, గ్రాఫిక్స్ కార్డు వేడంతా పైకి ఎగసి స్టిక్కుల మీదికే వెళుతోంది. టెస్ట్‌మెమ్5 పెట్టమన్నాను. కొంతసేపు ఏమీ లేదు. ఆమె ఒక గేమ్ కూడా నడిపించి కార్డును వేడెక్కించి, మళ్లీ పరీక్ష పెట్టింది. ఈసారి ఎరుపు వరస వచ్చేసింది. పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాను లోపలికి తిప్పితే అదే పరీక్ష శుభ్రంగా పోయింది. ఇక అనుమానించడానికి ఏమీ లేదు. వేడెక్కితేనే బయటపడుతున్న తప్పు అది. కెపాసిటర్లు ఎండకు త్వరగా కారిపోతుంటే, నింపడానికి ఆమె ఇచ్చిన గడువు చాలలేదు. "ఎంతకు పెంచాలి మామయ్యా?" అంది. పుస్తకం తెరవమన్నాను. 540 దగ్గర, గది వేడి కూడా రాసి పెట్టిన పాత వరస ఉంది. అక్కడికి తిరిగి వెళ్లి, క్యాబినెట్‌ను గోడ నుంచి జరిపి, అదే మధ్యాహ్నం అదే వేడిలో మళ్లీ పరీక్షించాం. నిలబడింది.

అందుకే మన ప్రాంతంవాళ్లకు ఒక అదనపు నియమం చెబుతాను. జనవరిలో పాసైన సెట్టింగ్‌ను సగం పాసైనట్టే లెక్కించండి. మే నెల మధ్యాహ్నం, ఏసీ ఆపి, క్యాబినెట్ తలుపులు మూసి, గ్రాఫిక్స్ కార్డు వేడెక్కేలా ఏదైనా నడిపి పరీక్షించినప్పుడే అది పూర్తి. ఎండాకాలం దాకా ఆగలేకపోతే టీఆర్‌ఎఫ్‌సీలో కొంత జాగా వదలండి. ఇంటెల్ బోర్డుల్లో, రైజెన్ 7000 ప్రాసెసర్లు పట్టే ఏఎం5 బోర్డుల్లో టీఆర్ఈఎఫ్ఐను పెంచే వీలు కూడా ఉంటుంది. దాన్ని పెంచడమంటే నింపడాల మధ్య విరామం పెంచడం. బెంచ్‌మార్కుల్లో బాగా కనిపిస్తుంది, వేడిలో అన్నిటికంటే ముందు కూలేదీ అదే. నా సలహా, మీ గదిలో వేసవి గడిచేదాకా దాన్ని ముట్టుకోకండి.

చలికి కూడా ఒక పరీక్ష ఉంది. రాత్రి పూర్తిగా ఆపేసి, ప్లగ్గు తీసి, ఉదయం చల్లగా ఉన్నప్పుడు బూట్ చేయండి. బోర్డు ట్రైనింగ్ ప్రతిసారీ ఒకేలా కుదరదు. రీస్టార్ట్ చేస్తే బాగా వచ్చే సెట్టింగ్ ఒక్కోసారి చల్లటి బూట్‌లో మొండికేస్తుంది. అలా వరసగా కొన్ని ఉదయాలు చూడండి.

డీడీఆర్5వాళ్లకు రెండు విషయాలు వేరు. ఆ చిప్పుల లోపలే ఒక్క బిట్టు తప్పును దిద్దుకునే ఏర్పాటు ఉంది. మంచిదే, కానీ ట్యూన్ చేసేవాడికి అది కొన్ని తప్పులను దాచిపెడుతుంది. పరీక్ష శుభ్రంగా ఉన్నా వేగం పెరగకపోతే, లేదా బిగించాక తగ్గితే, లోపల దిద్దుబాటు ఎక్కువైందేమోనని అనుమానించి ఒక మెట్టు దిగండి. ఓల్టేజీ నియంత్రణ చిప్పు కూడా స్టిక్ మీదకే వచ్చింది కాబట్టి స్టిక్కులు ఎక్కువ వేడెక్కుతాయి. అయితే డీడీఆర్5 స్టిక్కులకు ఉష్ణోగ్రత సెన్సార్ ఉంటుంది, హెచ్‌డబ్ల్యూఇన్‌ఫోలో చూసుకోవచ్చు. డీడీఆర్4లో కొన్నింటికే ఆ భాగ్యం. రైజెన్ 7000లో 6000 వేగం దగ్గర మెమరీ కంట్రోలర్ ఒకటికి ఒకటి నడుస్తుంది. అంతకు మించి వేగం వెనక పరుగెత్తకుండా అక్కడే టైమింగ్స్ సర్దుకోండి.

ఎక్కడ ఆపాలి? వరసగా రెండు అంకెలు మొండికేసినప్పుడు. ఇంకొంచెం ఓల్టేజీ పోస్తే ఏమో అన్న ఆశ మొదలయ్యేది అక్కడే, ఆపాల్సిందీ అక్కడే. సీఎల్ 16తో 3600 మీద 8.89 నానో సెకండ్లు వచ్చాయి, మొదట 10 ఉండేది. ఇంకొకరికి 8 వచ్చిందంటే వాళ్ల చిప్పులు వేరు. ఒకే పేరుతో, ఒకే డబ్బాలో అమ్మే కిట్లలో కూడా లోపలి చిప్పులు ఒక్కోసారి మారుతుంటాయి.

ఆఖరి సెట్టింగ్‌ను బయోస్‌లో ప్రొఫైల్‌గా సేవ్ చేసుకోండి, కానీ దాని మీదే ఆధారపడకండి. బయోస్ అప్‌డేట్ చేస్తే ఆ ప్రొఫైల్ పోవచ్చు, ఉన్నా కొత్త వెర్షన్‌కు సరిపడకపోవచ్చు. అప్పుడు నోటు పుస్తకం తీసి, ముందు వదులు టైమింగ్స్ ఎక్కించి, మళ్లీ ఒక్కొక్కటిగా కింది మెట్టు నుంచి రండి. కొత్త బయోస్‌లో ట్రైనింగ్ పద్ధతి మారి ఉండవచ్చు కాబట్టి పాత ఫలితం చెల్లదు, రాత్రి పరీక్ష మళ్లీ పెట్టాల్సిందే. సిస్టమ్‌ను ఎవరికైనా అమ్ముతున్నా, తమ్ముడికో చెల్లెలికో ఇచ్చేస్తున్నా బయోస్‌ను డిఫాల్ట్‌కు తెచ్చి, ఎక్స్‌ఎంపీ ఒక్కటి ఆన్ చేసి, మెమ్‌టెస్ట్86 ఒక పాస్ నడిపి అప్పగించండి. వాళ్ల గది వేడి మీ పుస్తకంలో లేదు.